పాత యూరప్ సంగీతం వినడం ఎలా: హిల్డెగార్డ్ నుంచి బాఖ్ దాకా, కాలక్రమం పక్కనపెట్టి

మధ్యయుగం, రినైజాన్స్, బరోక్ సంగీతం ఎక్కడ మొదలుపెట్టాలని అడిగేవాళ్లలో చాలామంది ఒకసారి మొదలుపెట్టి వదిలేసినవాళ్లే. కారణాలు ఎక్కువగా రెండే. కొందరు చరిత్ర పుస్తకం చదివినట్టు కాలక్రమం పట్టుకుని వెళ్తారు. పది పదిహేను చాంట్ (చర్చిలో ఒకే గీతగా పాడే పాట) ట్రాకులు అయ్యేసరికి ఓపిక ఉడిగిపోతుంది. ఇంకొందరు 'చదువుకునేటప్పుడు వినే బరోక్' ప్లేలిస్టు పెట్టి తమ పని తాము చూసుకుంటారు. నెల గడిచినా వివాల్డీ ఎవరో, హాండెల్ ఎవరో పోల్చుకోలేరు.

కర్ణాటక సంగీతమో, సినిమా పాటలో విని పెరిగిన చెవి ముందు పైన పాడే గొంతునే పట్టుకుంటుంది. ఇక్కడ మాత్రం సగం కథ అడుగున నడుస్తుంది. అడుగున వెళ్లే బాస్‌ను వినడం అలవాటైతే మిగతాది పెద్ద కష్టం కాదు. అందుకే ఈ మార్గదర్శిలో వరుస ఇలా ఉంటుంది: ముందు మధ్యయుగపు ఒంటి గొంతు, తర్వాత బరోక్ బాస్, ఆపైన ఫ్యూగ్ (ఒక గొంతు వెంట ఇంకో గొంతు అందుకునే రచన), ఆ తర్వాతే రినైజాన్స్. మధ్యయుగంలోనే పుట్టిన నాలుగు గొంతుల పాట అన్నిటికన్నా చివర.

కాలాల లెక్క మోటుగా గుర్తుంటే చాలు: 1400 దాకా మధ్యయుగం, 1400–1600 రినైజాన్స్, 1600–1750 బరోక్.

## 1. మొదలుపెట్టే ముందు

ఫోన్ స్పీకర్ మీద వినకండి. చిన్న స్పీకర్‌లో కింది స్వరాలు దాదాపు పలకవు. ఈ పద్ధతి మొత్తం ఆ కింది స్వరాల మీదే ఆధారపడి ఉంది. మామూలు వైరు ఇయర్‌ఫోన్స్ అయినా సరే.

యాప్‌లో రెండు సెట్టింగులు చూసుకోండి. ఒక పాట చివరను ఇంకో పాట మొదట్లో కలిపేసే క్రాస్‌ఫేడ్ ఆపేయాలి. షఫుల్ కూడా ఆపేయాలి. ఒక్కో రచన నాలుగైదు ట్రాకులుగా ముక్కలై ఉంటుంది కాబట్టి, షఫుల్ పెడితే కథ మధ్యలో మొదలై చివర్లో ఇంకెవరిదో వినిపిస్తుంది. ఉచిత ఖాతాలో షఫుల్ ఆగకపోతే యూట్యూబ్‌లో వినండి.

సరిచూసుకోండి:

- ఇయర్‌ఫోన్స్ ఉన్నాయి, ఈక్వలైజర్‌లో బాస్ పెంచలేదు, తగ్గించలేదు
- క్రాస్‌ఫేడ్, షఫుల్ ఆపేశాను
- ఇవాళ్టికి ఒకే రచన, పదిహేను నిమిషాలు
- పాట ఉన్నదైతే సాహిత్యం, దాని అర్థం ముందే తెరిచి పెట్టుకున్నాను
- చేతిలో వేరే పని లేదు

సాహిత్యం కోసం కోరల్ పబ్లిక్ డొమైన్ లైబ్రరీ (సీపీడీఎల్), నొటేషన్ కోసం ఐఎంఎస్ఎల్‌పీ. రెండూ ఉచితమే. నొటేషన్ చదవడం రాకపోయినా ఫరవాలేదు. పాటతోపాటు స్కోర్ కదిలే వీడియోలు యూట్యూబ్‌లో బోలెడు. గీతలు ఎక్కడ పైకెక్కుతున్నాయో, ఎక్కడ కిందికి దిగుతున్నాయో కళ్లతో చూసినా సగం పని అయినట్టే.

## 2. సరైన రికార్డింగు పట్టుకోవడం

'బాఖ్ ఫ్యూగ్' అని వెతికితే వందలు వస్తాయి. స్వరకర్త పేరు పక్కన కేటలాగ్ సంఖ్య (ఆయన రచనల జాబితాలో దాని గుర్తు) కూడా ఇవ్వండి. బాఖ్‌కు బీడబ్ల్యూవీ, వివాల్డీకి ఆర్‌వీ, హాండెల్‌కు హెచ్‌డబ్ల్యూవీ, పర్సెల్‌కు జెడ్, దొమెనికో స్కార్లాట్టీకి కె. స్కార్లాట్టీ కీబోర్డు సొనాటాలే 555 ఉన్నాయి, సంఖ్య లేకపోతే దారి తప్పడం ఖాయం. టైపు చేసేది మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే, తెలుగులో కొడితే ఫలితాలు పలుచగా వస్తాయి.

ఎవరు పాడినది వినాలన్నది తర్వాతి ప్రశ్న. రినైజాన్స్ గాత్రానికి టాలిస్ స్కాలర్స్, హిల్డెగార్డ్‌కు సెక్వెన్షియా లేదా గోథిక్ వాయిసెస్, బాఖ్‌కు నెదర్లాండ్స్ బాఖ్ సొసైటీ. ఈ సొసైటీ బాఖ్ రచనలన్నిటినీ ఒక్కొక్కటిగా వీడియో తీసి ఉచితంగా పెడుతోంది. వాయించేవాళ్ల చేతులు కనబడతాయి కాబట్టి కొత్తవాళ్లకు నేను ముందు చెప్పేది అదే.

స్వరం పట్టుకోగలిగినవాళ్లకు ఒక హెచ్చరిక. పాతకాలపు వాద్యాలతో బరోక్ వాయించే బృందాలు చాలావరకు 'ఎ' స్వరాన్ని 440 హెర్ట్జ్‌కు బదులు 415 దగ్గర పెట్టుకుంటాయి. అంటే అర మెట్టు కింద. స్కోర్ మీద జి మైనర్ అని ఉంటే మన లెక్కలో ఐదు శ్రుతి, చెవికి వినబడేది నాలుగున్నర. శ్రుతి పెట్టెతో పోల్చి 'తప్పుగా పాడుతున్నారు' అనుకోకండి.

## 3. మొదటి మెట్టు: ఒంటి గొంతు

హిల్డెగార్డ్ ఫాన్ బింగెన్ (1098–1179) జర్మనీలో రైన్ నది ఒడ్డున మఠాధిపతిగా ఉన్న సన్యాసిని. ఆమె పాటల్లో ఉన్నది ఒక్క గీతే. తోడు గొంతులు లేవు, హార్మనీ (ఒకేసారి పలికే వేర్వేరు స్వరాల పొందిక) లేదు. కాబట్టి మన చెవి ఇక్కడ తడబడదు.

'ఓ విర్తుస్ సపియెంతియే' వెతకండి, చాలా చిన్న పాట. మూడుసార్లు వినండి, ఒక్కోసారి ఒక్కో పని పెట్టుకుని:

1. పాట ఎక్కడ ఊపిరి తీసుకుంటోంది? అక్కడ వేలు మడవండి.
2. ఏ స్వరం దగ్గరికి మళ్లీ మళ్లీ వచ్చి ఆగుతోంది? అదే ఆధారం. దాన్ని పెదవులు మూసి పట్టుకుని ఉండండి.
3. అన్నిటికన్నా పై స్వరం ఏ మాట మీద వచ్చింది? సాహిత్యంలో గుర్తు పెట్టండి.

చాలా రికార్డింగుల్లో కింద తంబూరలాంటి శ్రుతి వినిపిస్తుంది. ఆమె రాసిపెట్టిన ప్రతుల్లో అది లేదు, ఇప్పటి గాయకులు చేర్చుకున్నది. తాళం కూడా రాసి లేదు. అందుకే ఒకే పాట రెండు బృందాల దగ్గర రెండు నడకల్లో ఉంటుంది. ఏది అసలైనదని వాదించుకోకుండా రెండూ వినండి.

రాగం పేరు వెతికే పని ఇక్కడే మొదలవుతుంది, ఇక్కడే ఆపేయాలి. స్వరాలు ఏదో రాగానికి దగ్గరగా తోస్తాయి. కానీ గమకం లేదు, సంచారం వేరు. ఆ పేరు పెట్టుకున్నారంటే ఆ తర్వాత మీరు వినేది ఆ రాగం, పాట కాదు.

## 4. రెండో మెట్టు: బాస్

దీనికి తొందరపడకండి. వారం పట్టినా పట్టనివ్వండి.

పాకెల్‌బెల్ కానన్. పెళ్లి వీడియోల్లో విని విసుగెత్తిపోయిన ముక్కే. దాన్నే పాఠంగా వాడుకుందాం. అడుగున బాస్ వాయించేది ఎనిమిది స్వరాలు మాత్రమే: స ప ద గ మ స మ ప. అన్నీ శంకరాభరణం స్వరాలే, మొదటి షడ్జం తర్వాత అన్నీ దాని కిందే. మొదటి నుంచి చివరిదాకా ఈ ఎనిమిదే 28 సార్లు తిరుగుతాయి. వేరేది ఏమీ వాయించదు.

ముందు బాస్ ఒక్కటే ఒక ఆవర్తం వాయిస్తుంది. రెండో ఆవర్తంలో మొదటి వయొలిన్ వస్తుంది: గ రి స ని ద ప ద ని. మూడో ఆవర్తంలో రెండో వయొలిన్ సరిగ్గా అదే అందుకుంటుంది, నాలుగో ఆవర్తంలో మూడోది. ముగ్గురూ వాయించేది ఒకే గీత, ఎడం మాత్రం ఒక్కో ఆవర్తం.

చేయాల్సింది ఇంతే. బాస్ స్వరాలను మీరు నోటితో పాడుతూ ఉండండి, పైన వయొలిన్లు ఏం చేస్తున్నా సరే. పదో ఆవర్తం దగ్గర వేగం పెరిగి నోరు పైకి లాగేస్తుంది. తప్పిపోతే మొదటికి వెళ్లండి. మూడు వయొలిన్లు, బాస్ మాత్రమే ఉన్న రికార్డింగు ఎంచుకోండి. పెద్ద ఆర్కెస్ట్రా సాగదీసి వాయించినవాటిలో బాస్ బురదలో పడినట్టు ఉంటుంది.

మోంతెవెర్దీ, లమెంతో దెల్లా నిన్ఫా. 1638లో అచ్చయిన ఎనిమిదో మాద్రిగల్ (పలు గొంతుల పాట) సంపుటంలోనిది. ప్రియుడు వదిలేసిన అమ్మాయి ఏడుపు. ఆమెను చూస్తున్న ముగ్గురు మగవాళ్లు పక్కన జాలిపడుతూ ఉంటారు. నడిమి భాగంలో బాస్ నాలుగే స్వరాలు దిగుతుంది: స ని ద ప. కైశికి నిషాదం, శుద్ధ ధైవతం. ఈ నాలుగు స్వరాలను గట్టిగా గుర్తుపెట్టుకోండి, ఏడో భాగంలో మళ్లీ పనికొస్తాయి.

పర్సెల్, డైడో విలాపం. 'వెన్ ఐ యామ్ లెయిడ్' అని వెతకండి. 'డైడో అండ్ ఈనియస్' ఒపేరాలో (పాటలతో నడిచే నాటకం) డైడో పాడే చివరి పాట, జి మైనర్. ఇక్కడా బాస్ పై షడ్జం నుంచి పంచమానికే దిగుతుంది, కానీ దారిలో ఒక్క మెట్టూ వదలదు: స, కాకలి ని, కైశికి ని, చతుశ్శ్రుతి ద, శుద్ధ ద, ప. మన పద్ధతిలో రెండు నిషాదాలు, రెండు ధైవతాలు ఇలా వరుసగా పాడం. అందుకే చెవికి ముందు ఇరుకుగా ఉంటుంది. బాస్ గీత మొత్తం ఐదు బార్లు (నొటేషన్‌లో నిలువు గీతల మధ్య ఉండే ముక్కలు).

ఇప్పుడు అసలు విషయం. బాస్ ఐదేసి బార్లకు ముగుస్తుంటే, గొంతు తన మాటను అక్కడ ముగించదు. బాస్ మళ్లీ మొదలయ్యేసరికి ఆమె ఇంకా మాట మధ్యలోనే ఉంటుంది. ఒక చేత్తో బాస్ మొదలైన ప్రతిసారీ తట్టండి, గొంతు ఆగిన ప్రతిసారీ రెండో చేయి ఎత్తండి. రెండు చేతులూ ఎంత అరుదుగా కలుస్తాయో చూడండి. 'రిమెంబర్ మీ' అన్న మాట మొదట వచ్చినప్పుడు గొంతు ఒకే స్వరం, పంచమం, మీద నిలబడిపోతుంది. కింద బాస్ దిగుతూనే ఉంటుంది. బాస్ వినకుండా ఈ పాట విన్నవాళ్లకు అది విచారంగా పాడిన పాట, అంతే.

పై మెట్టుకు వెళ్లే ముందు:

- పాకెల్‌బెల్ బాస్ కనీసం పది ఆవర్తాలు తప్పకుండా పాడగలను
- డైడోలో బాస్ ఎక్కడ మొదలవుతుందో ప్రతిసారీ చెప్పగలను
- నాలుగు స్వరాల దిగుడు, ఆరు స్వరాల దిగుడు విని తేడా పట్టగలను

## 5. మూడో మెట్టు: ఫ్యూగ్

బాఖ్ (1685–1750) దగ్గరికి చాలామంది భయపడుతూ వస్తారు. చిన్నదాంతో మొదలుపెట్టండి: ఆర్గన్ కోసం రాసిన జి మైనర్ ఫ్యూగ్, బీడబ్ల్యూవీ 578.

ఫ్యూగ్ అంటే ఒక గొంతు ఒక పల్లవిని ఒంటరిగా వినిపించడం, దాన్ని రెండోది అందుకోవడం, తర్వాత మూడోది. పాతవాళ్లు నోరు మూసుకోరు, మాట్లాడుతూనే ఉంటారు. ఈ పల్లవి మొదలు ఇలా ఉంటుంది: స ప గ రి స గ రి స ని రి ప. గాంధారం సాధారణం, నిషాదం కాకలి, చివరి పంచమం కిందది. దీన్ని బట్టీ పట్టేయండి. పాడటం రాకపోతే కూనిరాగం చాలు.

ఈ ఫ్యూగ్‌ను ఎంచుకోవడానికి కారణం, పల్లవి పై గొంతు నుంచి మెట్లు దిగినట్టు వరుసగా కిందికి వస్తుంది. నాలుగో రాక కాళ్లతో వాయించే పెడల్స్‌లో. వీడియోలో పాదాలు కదలడం చూస్తే ఇక తప్పిపోరు. ఆ నాలుగూ పట్టుకున్నాక, మధ్యలో ఎక్కడెక్కడ పల్లవి మళ్లీ తలెత్తుతుందో లెక్కపెట్టండి. మొదటిసారి లెక్క తక్కువే వస్తుంది. నడిమి గొంతుల్లో దాక్కున్నవి రెండోసారికి గాని దొరకవు.

## 6. మధ్యలో విశ్రాంతి: వివాల్డీ

1725లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చైన 'నాలుగు రుతువులు' కన్చెర్టోలకు (ఒక వాద్యం, దానికి తోడుగా బృందం వాయించే రచనలు) సానెట్లు (పద్నాలుగు పాదాల పద్యాలు) కూడా జతచేసి వేశారు. వాటి అనువాదం ముందు పెట్టుకుని 'వసంతం' (ఆర్‌వీ 269) వినండి. అందరూ కలిసి వాయించే పల్లవి తిరిగి తిరిగి వస్తుంది, మధ్యలో పక్షులు, సెలయేరు, ఉరుము. రెండో భాగంలో గొర్రెల కాపరి నిద్రపోతుంటాడు. వయోలా మాత్రం రెండేసి స్వరాలు మోటుగా కొడుతూనే ఉంటుంది. అది కుక్క మొరుగుడు, స్కోర్ మీదే అలా రాసి ఉంది. చాలామంది ఆ భాగంలో వయొలిన్ ఒక్కటే విని కుక్కను వదిలేస్తారు.

## 7. నాలుగో మెట్టు: రినైజాన్స్ గొంతులు

బరోక్‌లో పట్టుకోవడానికి బాస్ ఉంది. ఇక్కడ అదీ లేదు, అన్ని గొంతులూ సమానమే. అందుకే దీన్ని ఇంత వెనక్కి జరిపాను.

వంతెనగా డౌలండ్. 1600లో అచ్చైన 'ఫ్లో మై టియర్స్', ఒక గొంతు, ఒక ల్యూట్ (మీటి వాయించే తీగవాద్యం). మొదటి నాలుగు స్వరాలు వినండి: స ని ద ప. మోంతెవెర్దీ బాస్‌లో విన్న దిగుడే, ఇక్కడ పై గొంతులో ఉంది.

తర్వాత 'కీరియే'. రోమన్ క్యాథలిక్ ఆరాధనలో మాస్‌కు సంగీతం కూర్చేటప్పుడు వచ్చే ఐదు భాగాల్లో మొదటిది. మాటలు గ్రీకు: కీరియే ఎలేయిసన్, క్రిస్తే ఎలేయిసన్, కీరియే ఎలేయిసన్. ప్రభువా కరుణించు, క్రీస్తూ కరుణించు, ప్రభువా కరుణించు. ఇంతే సాహిత్యం కాబట్టి అర్థం కోసం తడుముకోనక్కర్లేదు. స్వరకర్తలను పోల్చడానికి దీన్ని మించిన సాధనం లేదు. ఈ వరుసలో వినండి:

1. విలియం బర్డ్, నాలుగు గొంతుల మాస్. క్యాథలిక్ ఆరాధన నిషేధించిన ఇంగ్లండ్‌లో ఇళ్లలో చాటుగా పాడుకోవడానికి పనికొచ్చింది. పొట్టిగా ఉంటుంది.
2. పాలెస్ట్రీనా, మిస్సా పాపే మార్చెల్లి. ఆరు గొంతులు. ఎక్కడా కోణం తగలదు.
3. బాఖ్, బి మైనర్ మాస్. అవే మాటలకు ఎన్ని నిమిషాలు తీసుకున్నాడో చూడండి.

ప్రతిదాంట్లోనూ ఒకే పని: ఒక గొంతును ఎంచుకుని చివరిదాకా దాని వెంటే వెళ్లడం. టెనార్‌తో (మగవాళ్ల పై గొంతు) మొదలుపెట్టమంటాను, పైది ఎలాగూ వినబడుతుంది.

జోస్కాన్ దె ప్రే (మరణం 1521), 'ఆవే మరియా… విర్గో సెరేనా'. ముందు రెండు మాటలు పై గొంతు పాడుతుంది, వాటినే రెండోది, మూడోది, నాలుగోది అందుకుంటాయి. ఫ్యూగ్ దగ్గర చేసిన సాధన సూటిగా ఇక్కడ పనికొస్తుంది. కాలక్రమంలో వచ్చినవాళ్లకు ఈ సదుపాయం ఉండదు. చివర్లో నాలుగు గొంతులూ అల్లిక వదిలేసి ఒక్కసారిగా కలిసి, నెమ్మదిగా మాట్లాడినట్టు పాడే చోటు ఒకటి ఉంది. అక్కడ సాహిత్యం చూడండి: నన్ను గుర్తుంచుకో తల్లీ అని వేడుకోలు.

టాలిస్ 'స్పెమ్ ఇన్ ఆలియం'కు ఇప్పుడే తొందరపడకండి. నలభై గొంతులు, ఐదేసి మంది చొప్పున ఎనిమిది బృందాలు. అందులో ఒక గొంతు వెంట వెళ్లడం కుదరని పని. శబ్దం ఎడమ నుంచి కుడికి ఎలా పారుతోందో ఇయర్‌ఫోన్స్‌లో గమనిస్తే చాలు.

## 8. చివరి మెట్టు: మధ్యయుగపు పాలిఫనీ (పలు గొంతుల పాట)

గియోమ్ ద మషో (మరణం 1377) రాసిన 'దూస్ దామ్ జోలీ' ముందు వినండి, ఒంటి గొంతు, మంచి ఊపు. తర్వాత ఆయన 'మెస్స ద నోత్ర్ దామ్' నుంచి కీరియే. పాలెస్ట్రీనా విన్న చెవికి ఇది గరుకుగా, అక్కడక్కడా అపశ్రుతిలా తగులుతుంది. స్వరాలు ఎదురుబొదురుగా గుద్దుకోనిచ్చి, ఆగే చోట మాత్రం షడ్జ పంచమాల మీద శుద్ధంగా నిలబడటం ఆ కాలపు పద్ధతి. ఆగే చోట్లు మాత్రమే లెక్కపెడుతూ వినండి, గరుకుదనం అర్థమవుతుంది.

చివరగా పెరోతాన్ 'విదేరుంత్ ఓమ్నెస్', పారిస్ నోత్ర్ దామ్‌లో పుట్టినది. కింద ఒక గొంతు ఒకే స్వరాన్ని చాలాసేపు పట్టుకుని ఉంటుంది. పైన మూడు గొంతులు గంతులేస్తుంటాయి. మాటలో ఒక్క అక్షరం పూర్తయ్యేసరికి పాటలో పెద్ద ముక్క గడిచిపోతుంది. కింది స్వరం మారే క్షణాన్ని పట్టుకోవడమే ఇక్కడి పని. మారినప్పుడు గది మొత్తం జరిగినట్టుంటుంది.

## 9. తరచూ ఎదురయ్యే చిక్కులు

'హార్ప్సికార్డ్ చెవుల్లో గీరుతోంది.' శబ్దం తగ్గించండి. అందులో తీగను మీటుతారు, పియానోలా సుత్తి కొట్టదు. వేలి బలంతో శబ్దం పెంచడం తగ్గించడం ఉండదు. అయినా నచ్చకపోతే బాఖ్‌ను పియానో మీదే వినండి, పాపమేం లేదు.

'శ్రుతి పెట్టె పెట్టుకుని వింటే కుదరట్లేదు.' హిల్డెగార్డ్‌కు కుదురుతుంది, బాఖ్‌కు కుదరదు. బరోక్‌లో ఆధార స్వరమే దారిలో మారుతూ ఉంటుంది. పెట్టె కట్టేయండి.

'అన్నీ ఒకేలా ఉన్నాయి.' ఒకే స్వరకర్తవి పది వరుసగా విన్నారన్నమాట. ఒకే సాహిత్యాన్ని ముగ్గురి దగ్గర వినండి.

'మెస్సయ్యా మొత్తం వినలేకపోయాను.' హాండెల్‌ది, రెండు గంటలకు పైబడిన రచన, మూడు భాగాలుగా మూడు రోజులు వినండి. మన చర్చిల్లో క్రిస్మస్‌కు క్వయర్లు పాడే హల్లెలూయా కోరస్ ఇందులోదే. కానీ అది వచ్చేది క్రీస్తు జననం చెప్పే మొదటి భాగంలో కాదు, రెండో భాగం చివర. మొదటి భాగంలో వెతికి దొరకలేదని చెప్పినవాళ్లు చాలామందే ఉన్నారు.

తప్పు పేర్లు. ప్లేలిస్టుల్లో ఇవి మూడూ తరచూ తగులుతాయి. 'అల్బినోని అడాజియో' 1958లో రెమో జియాజొత్తో పేరు మీద అచ్చైనది, బరోక్ కాదు. 'కచ్చీని ఆవే మరియా' సోవియట్ సంగీతకారుడు వ్లదీమిర్ వవీలోవ్ 1970 ప్రాంతంలో కూర్చినది. కీబోర్డు నేర్చుకునే పిల్లలందరూ వాయించే 'బాఖ్ మినుయెట్ ఇన్ జి' క్రిస్టియన్ పెట్సోల్డ్‌ది. బాఖ్ భార్య అన్నా మగ్దలేనా నోటుపుస్తకంలో ఎక్కించి ఉండటంతో ఆయన పేరు మీద చెలామణీ అయింది. అనుమానం వస్తే ఐఎంఎస్ఎల్‌పీలో ఆ రచన పేజీ తెరిచి స్వరకర్త పేరు, మొదట అచ్చైన సంవత్సరం చూడండి.